మడమ తాడు

నేను చదివింది ఐదో తరగతి. ఉత్తరాలు తప్ప ఇంతవరకు ఏమీ రాయలేదు. ఉత్తరమైతే చదివేది మనవాళ్లే, తప్పులున్నా సర్దుకుంటారు. ఇది ఎవరెవరు చదువుతారో తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపేశాను. సరే, మా నాయన దగ్గర మొదలుపెడతాను.

మా నాయన విరిగిన ఎముకలు కట్టేవాడు. ముదిగుబ్బకు నడిచిపోయేంత దూరంలో మా ఊరు. మాకు కూడు పెట్టేది గొర్రెలు. వాటిని మా అన్న మేపేవాడు. పేరు తెచ్చింది మాత్రం కట్టు. చింతచెట్టు మీద నుంచి జారినవాళ్లు, బండి బోల్తాపడినవాళ్లు, ఎద్దు కుమ్మినవాళ్లు మా వసారాలోకి వచ్చేవాళ్లు. నాయన కళ్లు మూసుకుని వేళ్లతో తడిమేవాడు. లాగి సరిచేసి, కోడిగుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి పట్టు వేసి, చుట్టూ వెదురు దబ్బలు పెట్టి కట్టేవాడు. నలభై రోజులకు విప్పేవాడు.

ఆ దబ్బలు చీల్చేది నేను. గాజుపెంకుతో గీకి నున్నగా చేసేది నేను. పాత చీరలు చించి పట్టీలు చుట్టిపెట్టేది నేను. పదిహేనేళ్లు వచ్చేసరికి కట్టు చుట్టడం కూడా నాకే వదిలేశాడు. ఆయన ఎముకను సరిచేసి పట్టుకుంటే నేను చుట్టేదాన్ని. ఎంత బిగించాలో, ఎక్కడ వదులు పెట్టాలో నా చేతికి తెలుసు. చర్మం కింద ఏముందో తడిమి తెలుసుకోవడం మాత్రం ఆయన నాకు నేర్పలేదు. అడిగితే ఒకటే మాట.

"ఆడబిడ్డకు నేర్పితే చెయ్యి పరాయింటికి పోతాది పాపా. కోడలికి నేర్పితే ఇంట్లోనే ఉంటాది. మా నాయన నాకు చెప్పింది ఇదే."

మరి అన్నకు నేర్పవచ్చు కదా అంటారు. మా అన్నకు విరిగిన కాలు చూస్తే కళ్లు తిరిగేవి. ఒకసారి రోగి కంటే ముందు ఆయనే వెల్లకిలా పడిపోతే మా అమ్మ ఇద్దరి ముఖాన నీళ్లు చల్లింది. అందుకని నాయన కోడలి కోసం ఎదురుచూశాడు. పందొమ్మిది వందల అరవైలు మొదలైన కొత్తలో, ఒక వైశాఖంలో ఆమె వచ్చింది. మా మేనత్త కూతురే. నాకంటే ఏడాది పెద్ద. చిన్నప్పటి నుంచి నేను వదినా అని పిలిచిన మనిషే. మేనకోడలంటే నాయనకు మొదటి నుంచీ ముద్దు. ఆమె మా ఇంటికి వచ్చినప్పుడల్లా నాయన పక్కన నా పీట ఆమెకు పోయేది. పెళ్లయ్యాక ఆ పీట ఇక తిరిగి రాలేదు.

జ్యేష్ఠంలో ఒక పొట్టేలు కాలు కుంటుతుంటే కోశారు. నాయన వెనక కాలు ఒకటి పక్కన పెట్టి వదినను పిలిచాడు. నన్ను కూడా పిలిచాడు, చెంబుతో నీళ్లు పొయ్యడానికి.

"చూడమ్మా," అని చర్మం చివర పట్టుకుని మెల్లగా లాగాడు. చర్మానికీ కండకూ మధ్య తెల్లగా, సాలెగూడులాగా ఒకటి సాగింది. "ఇది వట్టి బూజనుకోవాకు. తోలు కండ మింద జారల్లంటే ఇది ఉండల్ల. నెత్తురు గొట్టాలు దీంట్లోనుంచే పోతాయి. దెబ్బ తగిల్తే నీరు చేరేది ఈడనే."

తరువాత కండల్ని విడదీశాడు. ఒక్కొక్క కండకు ఒక్కొక్క పల్చటి పొర, ఎవరి మూట వాళ్లు కట్టుకున్నట్టు. ఆ పొరలన్నీ కొన దగ్గరికి వచ్చేసరికి ఒకటై, గట్టిపడి, తెల్లటి తాడు అయ్యాయి. ఆ తాడు పోయి ఎముకలో దిగింది. ఎక్కడ తాడు ఆగి ఎముక మొదలైందో నాకు కనపడలేదు. నాయన తాడును లాగాడు. కింద గిట్ట ముడుచుకుంది. వదలగానే వేలాడింది.

"కండ లాగుతాది, తాడు మోస్తాది, ఎముక కదుల్తాది. తాడు దానంతట అది ఏమీ చెయ్యదు. అది లేకుంటే మాత్రం కండ ఎంత లాగినా ఉత్తదే."

మోకీలు తెరిచాడు. ఎముకకూ ఎముకకూ మధ్య పక్కలకు పొట్టి పట్టెలు ఉన్నాయి. "ఇవి లాగేవి గాదు, పట్టుకునేవి. కీలును ముందుకూ ఎనక్కూ ఆడనిస్తాయి, పక్కకు పోనీవు. ఇవి సాగితే ఎముక ఇరగకపోయినా మనిషి కుంటుతాడు." ఎముక కొనలకు తెల్లటి తొడుగు ఉంది. గోరుతో గీరితే గీత పడింది. అది అరిగిపోయినవాళ్లే లేచేటప్పుడు అబ్బా అంటారని చెప్పాడు. చివరికి ఎముకను రాయితో పగలగొట్టాడు. మూలుగ గట్టిగా, తెల్లగా ఉండాల్సింది. ఎర్రటి నీళ్లలాగా కారింది.

"కరువు దీనిదాకా వచ్చినాది చూడు," అన్నాడు. "మొదట తోలు కింద కొవ్వు పోతాది, తర్వాత మూత్రపిండాల చుట్టూ ఉండేది పోతాది, కడాకు ఇది. తాళ్లు, పట్టెలు మాత్రం పోవు. తిండి లేకున్నా ఒంటిని పట్టుకొనుండేవి అవే."

అప్పుడు వదిన అడిగింది. "మామా, తాడు తెగితే మళ్లా అతుక్కుంటాదా?"

నాయన ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు నాకు బాగా తెలుసు. నా దిక్కు చూసి ఎప్పుడూ వెలగలేదు కాబట్టి ఇంకా బాగా తెలుసు.

"మంచి మాట అడిగితివమ్మా. ఎముకలో నెత్తురుండాది, అందుకే నలభై దినాలకు అతుక్కుంటాది. తాడు తెల్లగుండాది చూడు, దానికి నెత్తురు తక్కువ. నిదానంగా అతుక్కుంటాది. అదీ రెండు కొనలూ దగ్గరికి తెచ్చి పెడితేనే. ఎడం ఇడిస్తే ఆ ఎడంలో వట్టి పొర అల్లుకుంటాది, బలం ఉండదు."

ఆ ప్రశ్న నాకూ వచ్చింది. దేవుని సాక్షిగా వచ్చింది. నీళ్ల చెంబు పట్టుకుని నిలబడినదానికి ప్రశ్నలేమిటని ఊరుకున్నాను. ఆమె అడిగేసింది. ఆమె అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు కాబట్టి, ఆ జవాబును నేను పట్టించుకోలేదు. చెవిన పడింది, లోపలికి పోనివ్వలేదు.

ఇప్పుడు నా మనవరాలు నర్సు చదువుతోంది. మొన్న ఆమె పుస్తకంలో ఒక బొమ్మ చూపించి చదివి వినిపించింది. ఎముక, ఎముక కొనల తొడుగు, తాళ్లు, పట్టెలు, పొరలు, కొవ్వు, ఆఖరికి రక్తం కూడా ఒకే జాతి అట. సంయోజక కణజాలం అంటారట. ఒంట్లో ఒకదాన్ని ఒకదానితో కలిపేది, మోసేది, నింపేది, దెబ్బ తగిలితే పూడ్చేది అంతా అదేనట. మా నాయనకు ఆ పేరు తెలియదు. ఆయన అన్నింటినీ కలిపి 'పట్టుకునేవి' అనేవాడు. వదినకు చెప్పేవాడు. నేను పక్క నుంచి వినేదాన్ని.

ఆ జ్యేష్ఠం ఆఖర్లో నాయన గుత్తి దగ్గర ఒక ఊరికి పోయాడు. అక్కడ ఒకాయన తొడ ఎముక విరిగితే కదిలించలేక కబురు పెట్టారు. ఎనిమిది రోజులు రాలేదు. మూడో రోజు పొద్దున ఎద్దులబండి మీద ధర్మవరం మనిషిని తెచ్చి మా వసారాలో దించారు. పట్టుచీరలు నేసే ఆయన. చుట్టాల ఇంటికి వచ్చి తిరిగి పోతుంటే బస్సు కదిలిందట, పరిగెత్తాడట.

"ఎవడో నా మడమ మింద రాయేసినాడమ్మా!" అన్నాడు కూర్చోకముందే. "టప్ మనింది. ఎనక్కి తిరిగి చూస్తే ఒక ముసలాయన బీడీ తాగుతా నిలబడుండాడు. ఏమప్పా, నీకు నేనేం చేసినా అంటి. ఆయప్ప నా మిందికే వచ్చె. నీ కాలు నువ్వే ఇరగ్గొట్టుకోని నన్నంటావేందిరా అని! ఆ కొట్లాటలో బస్సూ పాయె."

"మా మామ ఊర్లో లేడన్నా," అంది వదిన.

"నాయన లేకుంటే నేను లేనా?" అన్నాను నేను.

చీలమండ ఉబ్బింది. నేను నాయనలాగే కళ్లు మూసుకుని తడిమాను. ఏమీ తెలియలేదు. తెలియనట్టు కనపడకూడదని ఇంకాసేపు తడిమాను. తరువాత వదిన వంగి, మడమ వెనక నుంచి పిక్క దాకా ఒక్క వేలితో మెల్లగా పైకి వచ్చింది. నాలుగు వేళ్ల ఎత్తున ఆగింది.

"మే, ఈడ చూడు. గుంట ఉండాది. వేలు దిగుతాంది."

"వాపులో గుంటలు లేకుండా ఎట్ల ఉంటాయి?"

"రాయి తగిలుంటే తోలు కమలదా? గీత గూడా లేదే. ఇది ఎముక గాదు, తాడు తెగింది."

"వదినా, ఇది పొట్టేలు కాలు గాదు. మనిషి కాలు."

ఆ మనిషి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీరిద్దరూ కొట్లాడుకోవాకండమ్మా. నాకుండేవి రెండే కాళ్లు."

మా అమ్మ వంటింట్లో నుంచే అరిచింది. "ఆయప్ప వచ్చేదాకా ఊరికే గుడ్డ చుట్టి పండుకోబెట్టండే! మీ పెత్తనాలు ఆ కాలు మింద వద్దు!"

"అట్లంటే ఎట్లక్కా?" అన్నాడు ఆయన. "మగ్గం మింద చీర సగంలో ఉండాది. పెండ్లి చీర. ఏదో ఒకటి కట్టి పంపియ్యండి, నేను పోవల్ల."

నేను దబ్బలు తీశాను. పాదం నిలువుగా, పిక్కకు మూలమట్టంగా నిలబెట్టి పట్టు వేశాను. మా ఇంటి పద్ధతి అది. పాదం వంగి ఉంటే విరిగిన చీలమండ వంకరగా అతుక్కుంటుంది. వదిన నా చెయ్యి పట్టుకుంది.

"వేళ్లు కిందికి వంచి కట్టల్ల మే. అప్పుడే తాడు కొనలు దగ్గరికొస్తాయి. నువ్వు నిలువుగా పెడితే దూరమైపోతాయి."

"అయితే నువ్వే కట్టు."

ఆమె చెయ్యి తీసేసింది. దబ్బలు పెట్టి కట్టడం ఆమెకు రాదు. నాయన ఇంకా నేర్పలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, తెలిసే అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. నాకు కడుపు నిండా సంగటి తిన్నట్టు ఉండింది.

ఎంత అందమైన కట్టో అది. పట్టీ మీద పట్టీ, చేప పొలుసుల్లాగా. బండి తోలిన మనిషి కూడా వంగి చూసి, "మీ నాయన గూడా ఇంత బాగా కట్టడు పాపా," అన్నాడు. ఆయన్ని మళ్లీ బండెక్కిస్తుంటే వదిన నా పక్కన నిలబడి, మెల్లగా అంది. "రేపు మా నాయన వచ్చి నన్ను పిలుచుకపోతాడు. ఆషాఢం గదా. మామ వచ్చినంక ఆ గుంట మాట చెప్పు. కట్టినదానివి నువ్వు, నువ్వే చెప్పు. వారం లోపల తీసి కడితే ఏం గాదు."

"చెప్తాలే పో."

మరుసటి రోజు ఆమె పుట్టింటికి పోయింది. కొత్త కోడలు ఆషాఢమంతా అత్తగారింట ఉండకూడదు కదా. ఐదు రోజులకు నాయన వచ్చాడు. కాళ్లు కడుక్కుంటుండగానే, ధర్మవరం ఆయనకు నేను కట్టు కట్టి పంపానని మా అమ్మ చెప్పేసింది. నాయన నన్ను పిలిచాడు. గుంట మాట నాలుక మీదే ఉంది.

"యాడ ఇరిగింది?"

"చీలమండ కాడ. రాయి తగిలిందంట."

"పాదం నిలువుగా పెట్టినావా?"

"ఆ."

"వేళ్లు చల్లబడలేదు గదా? గోర్లు నల్లబడలేదు గదా?"

"లేదు నాయనా. పోయేటప్పుడు గూడా ఎర్రగానే ఉండె."

నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నన్ను కిందికీ పైకీ చూశాడు. "నా చెయ్యే వచ్చినాది నీకు," అన్నాడు.

పదేళ్లు దబ్బలు గీకినా ఆ మాట రాలేదు నాకు. ఇప్పుడు గుంట మాట చెబితే ఆ మాట వెనక్కి పోతుంది, వదిన దగ్గరికి పోతుంది. రేపు చెబుదాం అనుకున్నాను. ఈ ఒక్కరోజు ఉండనీ అనుకున్నాను.

రెండో రోజు ఒక గొర్రెల కాపరి మోచెయ్యి విరిగి వచ్చాడు. నాయన నా చెయ్యి పట్టుకుని, వేలు ఆ ఎముక మీద పెట్టి అద్దాడు. చర్మం కింద విరిగిన అంచు తగిలింది, పగిలిన కుండ అంచులాగా. "తెలుస్తాందా?" అన్నాడు. తెలుస్తోంది. "కూతురైతే ఏమిలే, ఈ ఊర్లోనే సంబంధం చూస్తే సరిపోయె," అన్నాడు మా అమ్మతో. వదిన పీట మీద నేను కూర్చున్నాను. ఇప్పుడేం చెప్పమంటారు? ఆషాఢంలో మబ్బులు పైనుంచి పోతూనే ఉన్నాయి, వాన లేదు. విత్తనాల శనక్కాయలు మూటల్లోనే ఉన్నాయి. ఊరంతా దిగులుగా ఉంటే నేనొక్కదాన్నే సంతోషంగా తిరిగాను. ధర్మవరం ఆయన కాలు గుర్తుకు వచ్చేది. కొనలు దూరం దూరంగా ఉన్న తాడు గుర్తుకు వచ్చేది. వదిన చెప్పింది తప్పే అయ్యుంటుందిలే, రెండు నెలలకే ఆమెకేం తెలుస్తుంది అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. ఆమె చెప్పింది తప్పు కావాలని దేవుడికి మొక్కుకున్నాను కూడా. ఆ కాలు బాగుండాలని కాదు, ఆమె మాట తప్పు కావాలని.

శ్రావణంలో వదిన తిరిగి వచ్చింది. మూట దించకముందే వాకిట్లో అడిగింది.

"చెప్పినావా మామకు?"

"చెప్పినా."

"ఏమనె?"

"ఎముకే అన్నాడు."

ఆమె తన వేలు చూసుకుంది. "వేలు దిగింది గదా మే," అంది నెమ్మదిగా. "నాకట్ల అనిపించిందేమో."

ఆ వారమంతా ఆమె వసారాలోకి రాలేదు. నాయన పిలిస్తే పనుందనేది. ఒకసారి నాయన గట్టిగా అడిగితే, "నా వేలికి తప్పుడు తెలివి మామా, ఆయమ్మకే నేర్పు," అని లోపలికి పోయింది. నాయనకు అర్థం కాలేదు. నాకు అయింది. నాకు కావలసిందంతా నా చేతికి వచ్చింది.

నలభయ్యో రోజు ధర్మవరం ఆయన వచ్చాడు. ఈసారి నవ్వుతూ వచ్చాడు, కర్ర మీద వాలి. నాయన కట్టు విప్పాడు. పిక్క సన్నబడింది. అది మామూలే. నిలబడమన్నాడు, నిలబడ్డాడు. మునివేళ్ల మీద లెయ్యమన్నాడు. మంచి కాలి మడమ లేచింది. కట్టు విప్పిన కాలి మడమ నేలకు అంటుకుపోయినట్టు ఉండిపోయింది.

"ఇంకోసారి," అన్నాడు నాయన.

"లేస్తాలేదు సామీ. నేను లెయ్యమంటాండా, అది ఇనడం లే."

నాయన ఆయన్ను మంచం మీద బోర్లా పండుకోబెట్టాడు, పాదాలు మంచం అంచు నుంచి బయటికి వేలాడేటట్టు. మంచి కాలి పిక్కను అరచేత్తో నొక్కాడు. పాదం కదిలింది, ఎవరో లాగినట్టు. రెండో పిక్క నొక్కాడు. పాదం కదలలేదు. మళ్లీ నొక్కాడు. పాదం చచ్చినదానిలాగా వేలాడింది. వేలితో మడమ వెనక తడిమి, నాలుగు వేళ్ల ఎత్తున ఆగాడు. చాలాసేపు ఆ వేలు అక్కడే ఉంది.

"కట్టక ముందు దీన్ని ఎవరు చూసినారు?"

తలుపు దగ్గర వదిన నిలబడి ఉంది. "నేను చూసినా మామా. గుంట ఉండాదని, తాడు తెగిందని చెప్పినా. నీతో చెప్పమని చెప్పి పోయినా."

"నాకెవరూ చెప్పలే."

వదిన నా వైపు తిరిగింది. "మామ ఎముకే అన్నాడంటివి గదే! వాకిట్లో నిలబడి అంటివి గదే నాతో! నా వేలును నేనే తిట్టుకుంటి ఇన్ని దినాలు!"

మంచం మీద ఆయన బోర్లా పండుకునే మెడ తిప్పాడు. "ఏమ్మా, అడుగుతాండారు గదా, చెప్పు. నా కాలు గదా అది."

"చెప్పలేదు," అన్నాను.

"ఏమిటికి?" అన్నాడు నాయన.

"నా చెయ్యే వచ్చినాదంటివి నువ్వు."

మా అమ్మ కొట్టడానికి వచ్చింది. నాయన ఆపాడు. ఆయన కొట్టి ఉంటే బాగుండేది. నా ముందర దబ్బలు పెట్టాడు. వదినను పిలిచి పాదం పట్టుకోమన్నాడు, వేళ్లు కిందికి వంచి. ఎంత వంచితే ఆ గుంట పూడుతుందో ఆమె వేలితో చూసుకుంటూ పట్టుకోవాలి. ఆమె పట్టుకున్న చోట నేను కట్టాలి. అలాగే కట్టాను. ఆమె చేతి పక్కనే నా చెయ్యి. ఆమె నన్ను చూడలేదు. "రవంత బిగించు," "ఈడ వదులు," అని మాత్రం అంది. ఆమె చెప్పినట్టల్లా చేస్తూ, తప్పు నాదని తెలిసి కూడా, ఆమె చెప్పడమే నన్ను మండించింది.

ఆయన మా వసారాలో రెండు నెలల పైన ఉండిపోయాడు. పదిహేను రోజులకొకసారి కట్టు విప్పి, పాదాన్ని కొంచెం పైకి తెచ్చి మళ్లీ కట్టేవాళ్లం. ఆ తాడు ఎలాంటిదో చూపించమని ఆయన పోరితే, నాయన ఒకసారి పొట్టేలు తాడును నీళ్లలో నానబెట్టి, గోరుతో పీచులుగా విడదీసి చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని వెలుగుకు పట్టి చూశాడు.

"ఇదంతా ఉత్త పడుగే గదా సామీ! పేక లేనే లేదు. అన్నీ నిలువు పోగులే."

"ఒక దిక్కే లాగల్ల గదా, అందుకే అట్ల. తోలు చూడు, దాంట్లో అన్ని దిక్కులకూ పోతాయి."

"మరి ఇప్పుడు నా దాంట్లో ఏం నేస్తాండాది లోపల?"

"ముందు చిక్కుపడిన నూలు మాదిరి అల్లుకుంటాది. నువ్వు రవంత రవంత ఆడిస్తాండేకొద్దీ ఆ పోగులు లాగే దిక్కుకు తిరుగుతాయి. మొదటిదంత నునుపుగా ఎన్నటికీ రాదు."

ఆయన మంచివాడే, కానీ నన్ను మాత్రం వదల్లేదు. నేను సంగటి తెచ్చి పెడితే, "దీంట్లో ఉప్పేసినావా, మీ వదిననడిగి చెప్తావా?" అనేవాడు. కట్టు మార్చే రోజు, "ఈరోజు నా కాలు మింద ఎవురి పెత్తనం?" అనేవాడు. వదిన నవ్వేది. మా అమ్మ కూడా నవ్వేది. నేను నవ్వలేదు.

పోయే రోజు నడిచే పోయాడు, కుంటుతూ. పల్లానికి బాగానే దిగేవాడు, మిట్ట ఎక్కేటప్పుడు ఆ మడమ లేవకుండా ఈడ్చుకుపోయేది. మగ్గం గుంతలో ఆ కాలితో తొక్కలేక ఒక కాలితోనే నేస్తున్నాడని తరువాత విన్నాం. ఆ పెళ్లి చీర ఇంకెవరో నేశారట.

ఆయన పోయిన తరువాత నాయన నాతో మాట్లాడాడు. అన్ని రోజుల్లో అదే మొదటిసారి.

"కూతురివని నేర్పలేదని నీకు కోపం. నిజమే, ఇన్ని దినాలూ దానికోసమే నేర్పలే. ఇంక నేర్పకపోతే దానికోసం గాదు."

ఊళ్లో సంబంధం మాట మళ్లీ ఎత్తలేదు. మరుసటేడు నన్ను రాప్తాడు దగ్గరి ఊరికి ఇచ్చారు. అక్కడ ఎవరి చెయ్యి బెణికినా, "మీ నాయన పెద్ద కట్టు మనిషంట గదమ్మా, చూడు," అని వచ్చేవాళ్లు. నాకు రాదు అని చెప్పేదాన్ని. రెండు మూడేళ్లకు నాయన కళ్లు మసకబారాయి. అప్పటి నుంచి అందరూ వదిన దగ్గరికే పోయేవాళ్లు. మా అత్తగారి ఊరు రోడ్డు పక్కనే కాబట్టి చాలామంది దారి నన్నే అడిగేవాళ్లు. ముదిగుబ్బ దగ్గర ఎముకలు కట్టే ఆయమ్మ ఊరికి ఎలా పోవాలని. చెప్పేదాన్ని. బస్సు దిగి ఎటు తిరగాలో కూడా చెప్పేదాన్ని.

అరవైలు అయిపోవస్తుండగా ఒకరోజు శనక్కాయలు పెరికే కూలాయన మణికట్టు గుడ్డతో చుట్టుకుని వచ్చి దారి అడిగాడు. నీళ్లు ఇస్తూ చూశాను. బొటనవేలు కదిలించినప్పుడల్లా పళ్లు కొరుకుతున్నాడు. చెయ్యి ఇమ్మన్నాను. ఎందుకు అడిగానో ఇప్పటికీ తెలియదు. బొటనవేలి వైపు తాడు మీద వేలు పెట్టి, వేలు ఆడించమన్నాను. ఎండుటాకు నలిగినట్టు లోపల కిరకిరమంది.

"ఎముక విరగలేదన్నా. ఈ తాడు పోయే తొడుగు వాచింది. ఆయమ్మకు ఇట్లనే చెప్పు. నాకు తెలిసింది ఇంతే, ఆమె చూసి ఏం చెప్తే అదే."

మూడో రోజు ఆయన తిరిగొస్తూ మా ఇంటి ముందు ఆగాడు. బొటనవేలు కదలకుండా చిన్న కట్టు ఉంది. చూడగానే ముడి గుర్తుపట్టాను, మా ఇంటి ముడే. కట్టడం కూడా వదిన ఆ తరువాత నేర్చుకుంది.

"నువ్వు చెప్పినట్టే ఉండాదన్నదమ్మా. ఎముక గాదంట. పదైదు దినాలు పని చెయ్యొద్దన్నది."

"ఎవురు చెప్పినారని అడగలేదా?"

"అడిగింది. రాప్తాడు కాడ ఒకామె అన్నా. నవ్వింది."

"ఎట్ల నవ్వింది?"

"ఎట్ల నవ్వుతారమ్మా? నోటితోనే."

"అది గాదన్నా. మంచిగా నవ్విందా, ఎగతాళిగా నవ్విందా?"

"నా చెయ్యి నొప్పిలో నేనుంటి తల్లీ, ఆమె నవ్వు యాడ చూస్తా?" అని రోడ్డు దిక్కు పోయాడు. నేను వాకిట్లోనే నిలబడిపోయాను. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చేదాకా కదల్లేదు.